చేప కడుపులో ఐ-94

దుష్యంతుడికి కనీసం ఒక సాకుంది. దూర్వాసుడి శాపం తగిలి మరిచిపోయాడు. నిండు సభలో శకుంతలని ఎగాదిగా చూసి ఉంగరమేదని అడిగాడంటే ఆ పాపం మునిది. అమెరికా సర్కారుకి ఏ ముని శాపమూ తగల్లేదు. గడప దాటిన రోజే వేలిముద్రలు తీసుకుంది, ముఖాన్ని ఫొటో తీసుకుంది, అన్నీ పదిలంగా దాచుకుంది. దాచుకుని మరీ అడుగుతుంది, ఉంగరమేదని.

ఆ ఉంగరం పేరు ఐ-94.

ఈ మధ్య వెళ్ళిన కుర్రాళ్ళకి దాని మహత్తు తెలియదు. విమానంలో దిగేవాళ్ళకి 2013లో అది కంప్యూటర్లోకి ఎక్కేసింది. అంతకుముందు అది, దేశంలోకి వచ్చినట్టు గుర్తుగా ఇచ్చే ఒక తెల్ల అట్టముక్క. విమానంలో పంచిపెడితే, పక్క సీటాయన పెన్ను అడుక్కుని, పెద్ద అక్షరాలతో గడిగడీ నింపాలి. కిందికి దిగాక అధికారి ముద్ర కొట్టి, పై ముక్క చింపి తన దగ్గర ఉంచుకుని, కింది ముక్కని మన పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చేవాడు. గమనించారా? కాగితం ఒకటే. సగం వాళ్ళకి, సగం మనకి. మన సగం పోతే మనం దోషులం. వాళ్ళ సగం ఏమైందో రాయడానికి మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు.

మన కుర్రాడొకణ్ణి ఊహించుకుందాం. 2008 అక్టోబరులో హెచ్-1బి మీద వెళ్ళాడు. అంతకుముందు నెలలోనే లేమాన్ బ్రదర్స్ కూలింది. ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు ఆ ముక్క చెప్పలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఇంకో ఏడాదికి కంపెనీయే పోయింది. వీడు మాత్రం పోలేదు. ఎడిసన్‌లో ఒక దేశీ కొట్లో బియ్యం బస్తాలు మోశాడు, పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేశాడు. ఒకరాత్రి ఎవడో కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయాడు. బ్యాగులో పాస్‌పోర్టు, పాస్‌పోర్టులో ఐ-94. కొన్నేళ్ళకి ఒక అమెరికా పౌరురాలు వీణ్ణి చూసి మనసుపడి పెళ్ళాడింది. ఇక గ్రీన్‌కార్డుకి పెట్టుకోవాలి.

ఇక్కడ చట్టం దయాగుణం చూడాలి, కళ్ళు చెమరుస్తాయి. గడువు దాటాక ఉండిపోయావా నాయనా? పౌరురాలి మొగుడివి కాబట్టి క్షమించాం. అనుమతి లేకుండా పనిచేశావా? పోనీలే, అదీ క్షమించాం. ఒక్కటే మాట. 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో 245వ సెక్షన్ ఒకటుంది. దాని ప్రకారం నువ్వు గుమ్మం దగ్గర అధికారి తనిఖీ చేసి లోపలికి పంపించినవాడివై ఉండాలి. "అలాగే వచ్చానండీ." "కాగితమేదీ?" అయిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. తప్పు చేస్తే క్షమాపణ ఉంది కానీ కాగితం పోగొట్టుకుంటే లేదు.

గోడ దూకినవాణ్ణీ గుమ్మంలోంచి వచ్చినవాణ్ణీ విడదీసి చూడాలి కదా అంటారు. న్యాయమైన మాటే. కానీ ఎవరు ఎటునుంచి వచ్చారో రాసుకున్న చిట్టా ఎవరి దగ్గరుంది? గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నవాడి దగ్గర. రుజువు చేసే బరువు ఎవరి నెత్తిన ఉంది? చిట్టా లేనివాడి నెత్తిన. పాత ఇమిగ్రేషన్ శాఖని 2003లో మూడు ముక్కలు చేశారు. గుమ్మం కాసేది ఒకటి, కాగితాలు ఇచ్చేది ఒకటి, బయటికి గెంటేది ఒకటి. ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్ళు. పెద్దావిడ రాసిన పద్దు నడిపావిడకి కావాలంటే అతిథిని పంపి అడిగిస్తుంది.

సరే, మనవాడు పని మొదలుపెట్టాడు. ముందు న్యూయార్క్ కాన్సులేట్ నుంచి కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. పేజీ తిప్పితే కరకరలాడుతోంది. లోపల ఒక్క ముద్ర లేదు, ఒక్క వీసా లేదు. పుట్టి బుద్ధెరిగాక ఊరి పొలిమేర దాటని మనిషి పుస్తకంలా ఉంది. జారీ చేసిన చోటు దగ్గర మాత్రం న్యూయార్క్ అని ఉంది.

తర్వాత పోయిన కార్డుకి బదులు కార్డు. దాని ఫారం ఐ-102, 2024 ఏప్రిల్ నుంచి అమలైన పట్టిక ప్రకారం ధర 560 డాలర్లు. పెళ్ళానికి మొగుడని చెప్పే ఐ-130కి 675, అసలు గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485కి 1,440. మూడూ కలిపితే 2,675 డాలర్లు. లాయరుగారి దక్షిణ వేరే. ఈ ఐ-102లో ఒక చమత్కారం ఉంది. పోయిన కార్డు మీద నీ పేరు ఎలా ఉందో అచ్చం అలాగే రాయమంటుంది. తెలుగువాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? ఇంటిపేరు ముందు రాసుకునే జాతి మనది. తాతగారి పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, చివర సత్యనారాయణ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాడికి అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలే పేరనుకుని పిలిస్తే పలికినవాళ్ళు మనలో ఉన్నారు. పదిహేనేళ్ళ కిందట విమానంలో అరనిద్రలో ఏ వరసలో రాశాడో ఇప్పుడు ఎవరిని అడగాలి? కార్డునే అడగాలి.

పోనీ, కాగితం లేకపోతే వేరే సాక్ష్యం చూపించొచ్చు, నిబంధనల్లోనే ఉంది. అసలు పత్రం దొరకదని రుజువు చెయ్యి. దానికి బదులు పత్రమూ దొరకదని రుజువు చెయ్యి. అంటే లేని కాగితం లేదని చెప్పే కాగితం ముందు సంపాదించాలి. అప్పుడు ఇద్దరు సాక్షుల అఫిడవిట్లు పెట్టుకో. ఆ ఇద్దరూ విషయాన్ని స్వయంగా ఎరిగినవాళ్ళై ఉండాలి.

మనవాడు గుంటూరుకి ఫోన్ చేశాడు.

"సాక్ష్యమేగా, నేను చెప్తాన్రా! శంషాబాద్‌లో నిన్ను దిగబెట్టింది నేను కాదూ? మీ బాబాయి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, రెండు సుమోల్లో వచ్చాంగా. ఆవకాయ జాడీ తీసెయ్యమన్నారని నువ్వు గేటు దగ్గర గొడవపడ్డావు కూడాను."

"అమ్మా, నేను వెళ్ళానని కాదు, ఇక్కడికి వచ్చానని చెప్పాలి."

"వెళ్ళినవాడివి రాకుండా ఎక్కడికి పోతావురా?"

ఇంతకంటే గట్టి తర్కం ఏ కోర్టులోనూ దొరకదు. చెల్లదు. వెళ్తుంటే చూసినవాళ్ళు పద్దెనిమిది మంది, వస్తుంటే చూసినవాడు ఒక్కడు. గాజు పెట్టెలో కూర్చున్న ఆ అధికారి. అసలు ఆ హాల్లో సాక్షి ఎలా పుడతాడు? వరసలో ఒక్కొక్కణ్ణే పిలుస్తారు. ఫోన్ తీయొద్దని గోడ మీద బోర్డు. ఫొటో తీస్తే నేరం, తీయకపోతే సాక్ష్యం లేదు.

ఇంకో విడ్డూరం వినండి. 2010లో బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అపీల్స్ ఒక తీర్పు ఇచ్చింది. ఒకావిడ స్నేహితుడి కారులో సరిహద్దు దాటింది. అధికారి డ్రైవర్ని నువ్వు పౌరుడివేనా అని అడిగి, ఆవిణ్ణి ఏమీ అడక్కుండా, పొమ్మని చెయ్యి ఊపాడు. అలా ఊపినా అది పద్ధతిగా లోపలికి రానిచ్చినట్టేనని బోర్డు తేల్చింది. ఎంత ఉదారమైన తీర్పు! ఊపిన చెయ్యి చాలు. ఇక ఆ చెయ్యి ఊపారని రుజువు చేసుకోవడమే మిగిలింది. గాల్లో ఊపిన చేతికి రసీదు ఎవరిస్తారు?

రుజువు దొరకలేదంటే? తిరిగి వెళ్ళి స్వదేశంలో వీసాకి పెట్టుకోమంటారు. వెళ్ళినవాడి వెనక తలుపు మూసుకుంటుంది. ఏడాదికి మించి అక్రమంగా ఉండి బయటికి వెళ్తే పదేళ్ళు రాకూడదని 1996 చట్టం. మినహాయింపు కావాలంటే నువ్వు లేకపోతే నీ భార్య తీవ్రమైన కష్టంలో పడుతుందని నిరూపించాలి. మామూలు ఎడబాటు కష్టం చాలదు. అది అందరికీ ఉండేదేనట. శకుంతల ఏడిస్తే సరిపోదు, ఆ ఏడుపు సగటు ఏడుపు కంటే ఎక్కువని డాక్టరు కాగితం జతచేయాలి.

ఇంతలో వేలిముద్రలకి రమ్మని పిలుపు వస్తుంది. మళ్ళీ పది వేళ్ళూ గాజు మీద పెడతాడు. ఎప్పుడో ఏ ఊళ్ళోనైనా పోలీసులకి దొరికాడా లేదా ఆ వేళ్ళే చెప్పేస్తాయి. 2008లో అవే వేళ్ళు ఇదే సర్కారు గాజు మీద, విమానాశ్రయంలోనే ఆనాయి. దొంగవని చెప్పడానికైతే వేళ్ళు చాలు. దొరలా వచ్చావని చెప్పడానికి మాత్రం అట్టముక్క కావాలి.

ఆఖరికి లాయరు దారి చూపించాడు. మనకి సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, వాళ్ళకి అలాంటిది 1966 నుంచే ఉంది. సరిహద్దు శాఖకి అర్జీ పెట్టాడు: అయ్యా, నేను మీ ఇంటికి ఎప్పుడు వచ్చానో కాస్త మీ పుస్తకంలో చూసి చెప్పండి. 20 పని దినాల్లో బదులివ్వాలని చట్టం. ఎన్ని ఇరవైలో ఆ దేవుడికే తెలియాలి. మొత్తానికి ఒకరోజు బదులొచ్చింది. తేదీ, విమానాశ్రయం, వీసా తరగతి, అన్నీ ఉన్నాయి. పేరు కూడా ఉంది, తిరగేసి.

ఆ కాగితాన్ని రెండు కాపీలు తీసి, కవర్లో పెట్టి, అదే సర్కారుకి పోస్టులో పంపాడు. పుచ్చుకున్నారు. రుజువు దొరికిందని సంతోషించారు.

శాకుంతలంలోనూ ఇంతే. ఉంగరం రాజుదే, చివరికి చేరింది రాజు దగ్గరికే. తెచ్చిచ్చిన జాలరిని ముందు దొంగని పట్టుకుని, తర్వాత బహుమానం ఇచ్చి పంపారు. రాజుకి జ్ఞాపకం వచ్చింది, శకుంతలకి మొగుడు దొరికాడు, జాలరికి డబ్బు దక్కింది. అందరూ బాగానే ఉన్నారు. ఒక్క చేప సంగతే ఎవరూ అడగలేదు. రాజుగారి సొత్తు రాజుగారికి అందాలంటే మధ్యలో ఎవరి కడుపో కొయ్యాలి కదా.