సర్పగృహస్థు లక్షణం

సర్పగృహస్థు అనగా విషం లేని పామును గాజుపెట్టెలో ఉంచి, ఆ పెట్టెను పిల్లలు తిరిగే ఇంట్లో ఉంచి, గడప తొక్కిన ప్రతివారికీ కుక్క కన్నా పామే శుభ్రమైన జంతువని నిరూపించడానికి సదా సిద్ధంగా ఉండే కుటుంబ యజమాని. వీటిలో మొదటి రెండు లక్షణాలూ ఉండి మూడవది లేనివాడు కేవలం పామును పెంచేవాడే గాని సర్పగృహస్థు కాడు. ఇతని ప్రధాన నివాసం అమెరికా సంయుక్త రాష్ట్రాలు. అక్కడ పెంపుడు జంతువుల దుకాణాల్లో కుక్కల బిస్కెట్లతో పాటు కొండచిలువ పిల్లలు కూడా దొరుకుతాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ సర్పాలను పట్టి ఇంట్లో ఉంచుకోనివ్వదు. అదీగాక నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి అక్కడి నుంచే ఇంటికి తిరిగిరావడం తెలుగువారి ఆచారం గాని, పామును వెంటబెట్టుకు రావడం కాదు. అందువల్ల తెలుగు నేలపై ఇతడు అరుదు. డల్లాస్, న్యూజెర్సీ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు తండ్రులలో మాత్రం, కొడుకు తోటిపిల్లవాడి పుట్టినరోజు వేడుకలో పామును మెడలో వేసుకుని ఫోటో దిగిన నాటి నుంచి, ఈ కోవలోకి జారిపోయేవాడు ఒకడు ఉంటాడు.

ఇతడు పెంచేది సాధారణంగా బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ. పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన ఈ పాము మూడు నుంచి ఐదు అడుగుల వరకు పెరుగుతుంది. బెదిరినప్పుడు తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోవడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. శ్రద్ధగా చూస్తే ఇరవై ముప్పయ్యేళ్లు బతుకుతుంది. దానికి కావలసింది కాస్త వెచ్చదనం, తలదాచుకోవడానికొక చీకటి మూల, వారానికో రెండు వారాలకో ఒక ఎలుక, గిన్నెడు నీళ్లు. అది నోరు విప్పని ప్రాణి గనక మాట్లాడే భారం యావత్తూ యజమాని మీదనే పడుతుంది, అతడు ఆ లోటు ఏనాడూ రానివ్వడు.

అతని సిద్ధాంతం స్థూలంగా ఇది: పాముకు వెంట్రుకలు లేవు కనుక రాలవు, చొంగ కార్చదు, ఒంటి వాసన లేదు, పైగా ఎప్పటికప్పుడు కుబుసాన్ని, అనగా పైచర్మపు పొరను, విడిచి నిగనిగలాడుతూ బయటికి వస్తుంది. ఇందులో ప్రతి మాటా నిజమే, తేల్చిన సంగతి ఒక్కటే తప్పు. మనుషులకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు తెచ్చిపెట్టే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పాముల పేగుల్లో, చాలాసార్లు వాటికి ఏ కీడూ చేయకుండా, కాపురముంటుంది. మలంతో వెలువడి పొలుసుల మీద, నీటిగిన్నెలో, పాము పాకిన చోటల్లా, చివరకు విడిచిన కుబుసం మీద కూడా చేరుతుంది. సర్పగృహస్థు కొడుకు ఆ కుబుసాన్ని బడికి పట్టుకెళ్లి తరగతిలోని పిల్లలందరి చేతా తడిమించి వస్తాడు. తండ్రి దానిని విజ్ఞానవ్యాప్తి అంటాడు. వ్యాప్తి వరకు ఆ మాట సరైనదే.

ఈ శుభ్రతావాదానికి పరాకాష్ఠ పాముకు చేయించే స్నానం. ఆరోగ్యంగా ఉన్న కొండచిలువకు స్నానంతో పని లేదు. పెట్టెలో తేమ చాలనప్పుడు కుబుసం ఒక్క ముక్కగా ఊడిరాక అక్కడక్కడా అతుక్కుపోతుంది. అప్పుడు కూడా తేమ పెంచడం, తడిపిన నాచు పరిచిన డబ్బా ఒకటి లోపల ఉంచడం మొదట చేయవలసిన పనులు, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టడం ఆ తరువాతి మాట. సర్పగృహస్థుకు కారణంతో నిమిత్తం లేదు, ఆదివారం వస్తే చాలు. పిల్లలు స్నానం చేసే బాత్‌టబ్బులోనే రెండంగుళాల లోతున నీళ్లు పట్టి, మోచేయి ముంచి వేడి చూసి (బిడ్డల స్నానానికి ఈ పని భార్య చేస్తుంది), పామును దింపి, చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాడు. గోరువెచ్చని నీళ్లు తగిలితే పాములు తరచుగా మలవిసర్జన చేస్తాయన్న సంగతి అతనికి తెలియనిది కాదు. దానిని జీర్ణశక్తికి నిదర్శనంగా భావించి మురిసిపోతాడు. పెట్టెలో ఒక మూల పడి ఉండవలసిన మలం, తెల్లని గట్టి యూరిక్ ఆమ్లపు ముద్దలతో సహా (పాములు మూత్రపదార్థాన్ని ఎక్కువగా ఈ ఘనరూపంలోనే విసర్జిస్తాయి), ఇప్పుడు టబ్బు నీటిలో కలిసి, పాము ఒళ్లంతా పట్టి, అంచున ఉన్న పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు మీదికీ చేరుతుంది. గృహస్థు టబ్బును చన్నీళ్లతో ఒకసారి తొలిచి, పామును పిల్లల తువ్వాలుతో తుడిచి, తన చేతులు ప్యాంటుకు రాసుకుని వంటింట్లోకి నడుస్తాడు.

వంటింట్లో పాము భోజనం ఉంటుంది. అది గడ్డకట్టించిన ఎలుకల రూపంలో వస్తుంది. వెంట్రుకలు మొలవని ఎలుక కూనలను ఆ వ్యాపారంలో పింకీలు అంటారు. తెలుగు ఇంట్లో అవి ఫ్రీజరులో కొబ్బరి తురుము పొట్లాలకూ మునక్కాడ ముక్కలకూ నడుమ చోటు సంపాదిస్తాయి. గడ్డకడితే క్రిములన్నీ చస్తాయని గృహస్థు నమ్మకం. సాల్మొనెల్లా చావదు, 2010లో అమెరికాలో ఇటువంటి మేత ఎలుకల నుంచే జనానికి జబ్బు సోకి, అమ్మిన సరుకును వెనక్కి తెప్పించవలసి వచ్చింది. ఇతడు మాత్రం ఎలుకను కాఫీ కప్పులో వేసి వేడినీళ్లు పోసి కరిగించి, ఆ కప్పును తక్కిన కప్పులతో కలిపి కడిగి బోర్లిస్తాడు.

వాదంలో అతనిని గెలవడం కష్టం. అరచేతిలో ఇమిడే తాబేళ్ల వల్ల పసిపిల్లలు జబ్బుపడుతున్నారని, డిప్ప నాలుగంగుళాల కన్నా చిన్నదైన తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 1975లో నిషేధించిన విషయం ఎత్తితే, అది తాబేలని జవాబిస్తాడు. మరీ ఒత్తిడి చేస్తే పశువైద్యుని దగ్గర పాము మలాన్ని పరీక్ష చేయించి, క్రిమి లేదన్న కాగితాన్ని చట్రం కట్టించి గోడకు తగిలిస్తాడు. ఈ క్రిమి కొన్నాళ్లు వెలువడి, కొన్నాళ్లు వెలువడక ఉంటుంది గనక ఒక్క పరీక్షలో కనపడకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. అయినా చట్రం మాత్రం చాలా అందంగా ఉంటుంది.

ఇంతటి పండితుని ఎదిరించి నిలిచేది భార్య పురిటికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారొక్కతే. పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద పసిబిడ్డను పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోయడం ఆమెకు తెలిసిన విద్య. ఆ నీళ్ల గదిలోనే పాముకూ స్నానమని తెలిసిన రోజున ఆమె బజారుకు మనిషిని పంపి ప్లాస్టిక్ బేసిను ఒకటి తెప్పిస్తుంది. పామును తాకిన చేతులతో అల్లుడు బిడ్డను ఎత్తుకోబోతే గుమ్మంలోనే ఆపుతుంది. "అది కరవదు అత్తయ్యగారూ" అంటాడతడు. "కరవదని తెలుసు బాబూ, ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ చొక్కా మార్చుకుని రండి" అంటుంది. ఇది చాదస్తమని అతడు భార్యతో రహస్యంగా చెబుతాడు. వైద్యశాస్త్రం ఇక్కడ అత్తగారి పక్షాన ఉంది: పామును ఎన్నడూ తాకని పసికందులకు కూడా పెద్దల చేతుల ద్వారా, బట్టల ద్వారా, స్నానపు టబ్బు ద్వారా ఈ జబ్బు సోకుతుంది, ఆ వయసులో అది రక్తంలోకి, అరుదుగా మెదడు పొరల్లోకి కూడా పాకగలదు. పామూ చావకుండా కర్రా విరగకుండా చివరకు భార్య తీర్పు చెబుతుంది: పెట్టె ఆఫీసు గదిలోకి, ఎలుకలు వేరే చిన్న ఫ్రీజరులోకి, పాముకొక సొంత తొట్టి, దానికొక సొంత పీచు.

టబ్బు అప్పటికే మైలపడి ఉంటే ముందు సబ్బుతో మురికి పోయేలా రుద్ది కడిగి, ఆ తరువాతే పలుచన చేసిన బ్లీచింగు ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచాలి. మురికి మీద పోసిన బ్లీచింగుకు పదును ఉండదు. ఐదేళ్లలోపు పిల్లలు పాములను ముట్టుకోకూడదనీ, పెద్దపిల్లలైనా ముట్టుకున్న వెంటనే సబ్బుతో, పారే నీటితో చేతులు కడుక్కోవాలనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. ఇంట్లో ఐదేళ్లలోపు వాళ్లున్న తండ్రులు వాళ్లు ఎదిగే దాకా ఆగి, అప్పుడు పామును తెచ్చుకోవడం మంచిది.