ఇన్‌స్పెక్టర్ మూషికం

సూరత్ విమానాశ్రయాన్ని తనిఖీ చేసినవారిలో దేశమంతా పేరు మోగిన మొదటి ఇన్‌స్పెక్టర్ ఒక గేదె.

2014 నవంబరు 6 సాయంత్రం. ఢిల్లీ వెళ్లాల్సిన స్పైస్‌జెట్ బోయింగ్ 737 రన్‌వే మీద వేగం అందుకుంటోంది. ప్రహరీ గోడ ఏ మాత్రం గట్టిగా ఉందో చూసుకుంటూ వచ్చిన గేదె లోపలికి రావడం, ఇంజిన్‌కు తగలడం జరిగిపోయాయి. ప్రయాణికులకు దెబ్బలు తగల్లేదు. గేదె విధి నిర్వహణలో ప్రాణం విడిచింది. ఆ గోడను అంతకుముందు ఎందరు అధికారులు చూశారో, చూసి ఏం రాశారో మనకు అనవసరం. గేదె నివేదిక మాత్రం ఒక్క రాత్రిలో ఢిల్లీ చేరింది. కమిటీలు కదిలాయి, గోడ గురించి పార్లమెంటు స్థాయి మనుషులు మాట్లాడారు, విమాన సంస్థ సూరత్ సర్వీసులు ఆపేసుకుంది. ఏ ఐఏఎస్ అధికారి నోట్‌ఫైలుకూ అంత గౌరవం దక్కి ఉండదు.

రెండో బృందం 2025 జులై 7న దిగింది. జైపూర్ వెళ్లే ఇండిగో విమానంలో ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారు, సామాన్లు ఎక్కిస్తున్నారు. ఇంతలో తేనెటీగల దండు వచ్చి సామాన్ల తలుపు మీద వాలి తనిఖీ మొదలుపెట్టింది. పొగ పెట్టారు. కదల్లేదు. మన దగ్గర తనిఖీకి వచ్చినవాళ్లను సాగనంపే పద్ధతులు వేరే ఉన్నాయి గానీ అవి తేనెటీగలకు పనిచేయవు. చివరికి ఫైరింజను తెచ్చి నీళ్లు కొడితే లేచాయి. విమానం గంట ఆలస్యంగా లేచింది.

గోడల శాఖ గేదెకు, తలుపుల శాఖ తేనెటీగలకు అప్పగించాం కదా, మిగిలింది ఎలక్ట్రికల్. ఆ శాఖ దేశవ్యాప్తంగా ఎలుక చేతిలో ఉంది. మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 2019 నవంబరు 10న హైదరాబాద్ నుంచి విశాఖపట్నం పోవాల్సిన ఎయిరిండియా విమానం పొద్దున్నే లేవాల్సింది, లోపల ఎలుక కనబడి సాయంత్రం దాకా లేవలేదు. అదే పొద్దున జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు అప్పటికి గోదావరి వంతెన దాటేసి కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. 2015 డిసెంబరులో ముంబై నుంచి లండన్ బయల్దేరిన విమానం ఇరాన్ దాకా వెళ్లి, ఎలుక కనబడిందని వెనక్కి తిరిగింది. 2025 సెప్టెంబరులో కాన్పూర్‌లో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లందర్నీ దింపేశారు. ఢిల్లీ దాకా గంటంబావు ప్రయాణానికి మూడు గంటల పైన ఆలస్యం. వినాయకుడు ఎలుకనెక్కితే మనకు తొమ్మిది రోజుల పండగ. ఎలుక విమానమెక్కితే ఎయిర్‌పోర్టులో ఉచితంగా ఒక సమోసా, చిన్న నీళ్ల సీసా.

చిట్టెలుకకు ఇంత హంగామా ఎందుకు అని విసుక్కున్నవాళ్లను చూశాను. ఎలుక కాటుకు భయపడి కాదండీ. దాని ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే దాని నోరే మూతపడుతుంది. విమానంలో కొరకడానికి సులువుగా దొరికేది వైరు. ఒక జంబో జెట్ 747 కడుపులో ఉన్న వైరంతా తీసి సాపు చేస్తే 270 కిలోమీటర్ల పైన వస్తుంది. సూరత్ స్టేషన్లో ఒక కొస కట్టి లాగితే రెండో కొస ముంబై సెంట్రల్ ప్లాట్‌ఫారం దాటి రోడ్డు మీద పడుతుంది. ఎయిర్‌బస్ ఏ380లో అయితే దానికి దాదాపు రెట్టింపు. అన్నట్టు ఆ ఏ380 కథ చెప్పుకోవాలి. హాంబర్గ్‌లో జర్మన్లు పాత సాఫ్ట్‌వేర్‌తో గీశారు, తులూజ్‌లో ఫ్రెంచివాళ్లు కొత్తదానితో గీశారు. తీరా వైర్ల కట్టలు తెచ్చి బిగించబోతే కొన్ని అందలేదు, పొట్టివైపోయాయి. ఆ కాస్త పొడవు తేడాకు విమానాల డెలివరీ దాదాపు రెండేళ్లు వెనక్కి పోయింది. కాబట్టి వైర్ల విషయంలో మనమొక్కరమే ఘనులం అనుకోవడం అహంకారం అవుతుంది.

సూరత్ లింబాయత్‌లో మా మేనబావ ఉంటాడు. తెలంగాణ నుంచి బతుకుదెరువుకు పోయి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో వాళ్లదొకటి. సాంచాల మీదే అతని జీవితం గడిచింది. వైర్ల సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి అడిగాడు.

"బావా, పడుగుల ఒక్క పోగు తెగితే మా సాంచా దానంతటదే ఆగుతది. మరి విమానం ఆగదా?"

"గాల్లో ఆగితే ఎట్లా బావా?"

"అదీ నిజమే. కానీ దీపమన్న వెలగాలె గదా, ఫలానా తాన తెగిందని."

ఈ ప్రశ్నకు ఇంజినీర్లు కూడా చాలాకాలం తల గోక్కున్నారు. వైరు పూర్తిగా తెగితే తెలుస్తుంది, ఏదో ఒకటి పనిచేయడం మానేస్తుంది. పైన ఇన్సులేషన్ మాత్రమే అరిగి, లోపలి రాగి కొంచెం బయటపడితేనే చిక్కు. అది పక్కనున్న లోహానికో మరో వైరుకో అంటీముట్టనట్టు తగిలి, క్షణంలో వెయ్యోవంతు నిప్పురవ్వ కొట్టి ఊరుకుంటుంది. మామూలు సర్క్యూట్ బ్రేకర్ అంత చిన్న సంగతికి నిద్ర లేవదు. కాప్టన్ అని తేలిగ్గా, పలుచగా ఉంటుందని ఒకప్పుడు విమానాల నిండా వాడిన ఇన్సులేషన్ ఉంది. దాని మీద ఒకసారి మెరుపు పుట్టిందంటే అది మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గులోంచి మళ్లీ కరెంటు పారుతుంది. కాపలా పెట్టినవాడే దొంగకు తలుపు తీసినట్టు.

ఇక ఈ వైర్లను చూసేదెలా? ఎక్కువగా కళ్లతోనే. ఒక టార్చిలైటు, పళ్ల డాక్టరు వాడేలాంటి పొడుగు కాడ అద్దం, ఓపిక ఉన్న ఒక మనిషి. ప్యానెల్ విప్పి, తల దూర్చి, కట్టల వెంట చూసుకుంటూ పోవాలి. క్లాంపు వదులై వైరు ఎక్కడ లోహపు అంచుకు రాసుకుంటోంది, ఎప్పుడో ఎవరో డ్రిల్లు చేసినప్పుడు రాలిన లోహపు రజను కట్టలో ఇరుక్కుందా, టాయిలెట్ నీలిరంగు ద్రవం కారి ఎక్కడిదాకా వచ్చింది, వంటగట్టు కింద ఒలికిన కాఫీ ఏ కనెక్టర్ను పలకరించింది, దుప్పట్ల నూగు ఎక్కడ పేరుకుంది. ఇన్నీ చూడాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. పాతబడి పెళుసెక్కిన వైర్లను మరీ కదిపి చూస్తే ఆ కదపడంతోనే పగుళ్లిస్తాయి. చూడకపోతే ప్రమాదం, గట్టిగా చూస్తే అదీ ప్రమాదం. ఈ సూత్రం మన ప్రభుత్వ శాఖలకు ఎంత నచ్చుతుందో ఊహించగలను.

పెద్ద దేశాలు కూడా కళ్లు తెరిచింది శవాలు లేచాకే. 1996 జులై 17న న్యూయార్క్ దగ్గర టీడబ్ల్యూఏ 800 గాల్లో పేలి 230 మంది పోయారు. ట్యాంకు బయట ఎక్కడో వైర్లు షార్టయి, ఇంధనం ఎంతుందో కొలిచే వైరు ద్వారా ట్యాంకులోకి కరెంటు చొరబడి ఉంటుందని తేల్చారు. 1998 సెప్టెంబరు 2న స్విస్‌ఎయిర్ 111 కెనడా తీరాన సముద్రంలో పడింది, 229 మంది. ప్రయాణికుల వినోదం కోసం బిగించిన తెరల వైర్ల వైపు వేళ్లు చూపించారు. సముద్రం అడుగు నుంచి విమానాన్ని ముక్కముక్కగా ఏరి, నాలుగేళ్లకు పైగా కూర్చుని, కరిగిన రాగి గుర్తులు వెతికారు. విమానం గాల్లో ఉండగా ఎవరూ చూడని వైరును అంత శ్రద్ధగా చూసింది అది సముద్రం పాలయ్యాకే. ఆ ఏడాది మేలోనే అమెరికాలో 50,000 గంటలు పైబడి తిరిగిన పాత బోయింగ్ 737లను నేలమీద నిలబెట్టి ఇంధన పంపుల వైర్లు చూడమన్నారు. చూసినవాటిలో అరిగినవి ఒకటీ అరా కాదు. అప్పటిదాకా వైరింగ్ అంటే బిగించి మరిచిపోయే సరుకు. దాన్ని కూడా ఇంజిన్‌లాగా, రెక్కలాగా ఒక వ్యవస్థగా గుర్తించి, తనిఖీకి వేరే నిబంధనలు రాయడానికి అమెరికాకు 2007 దాకా పట్టింది.

మన సంగతికొస్తే, 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది పోయారు. దాని గురించి ఈ కాలమ్‌లో పరిహాసం ఉండదు. ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌ల దగ్గర ఆగింది, మిగతాది దర్యాప్తు చెప్పాలి. నేను మాట్లాడేది ఆ తర్వాత పది పన్నెండు రోజుల సంగతి. పౌర విమానయాన డైరెక్టరేట్ ఢిల్లీ, ముంబై వంటి విమానాశ్రయాల్లో రాత్రీ తెల్లవారుజామూ తిరిగి తనిఖీ చేసి, కనబడినవి ప్రకటించింది. సీట్ల కింద లైఫ్ జాకెట్లు సరిగా బిగించి లేవు. ఒక విమానం టైర్లు అరిగిపోయి ఉన్నాయి. రాసిన లోపాలే మళ్లీ మళ్లీ తిరిగి వస్తున్నాయి, అంటే మొదటిసారి బాగుచేసింది కాగితాన్నన్నమాట. విమానం తనకు ఫలానా నొప్పి అని తానే చెప్పినా లాగ్‌బుక్‌లో ఎక్కించలేదు. పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ ఒకటి అసలు విమానంతో సరిపోలడం లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఒక విమానాశ్రయంలో రన్‌వే మధ్యగీత వెలిసిపోయి ఉంది. రోజూ దాని మీదే దిగేవాళ్లు, లేచేవాళ్లు, దాన్ని చూసుకోవాల్సినవాళ్లు, అందరూ ఉండగానే అది నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా చెరిగిపోయింది. నడిరోడ్డు లాంటి చోట గీసిన తెల్లగీతే కనబడనప్పుడు, ప్యానెల్ వెనక, చీకట్లో, కాఫీ మరకల కింద ఉన్న వైరు ఎవరికి కనబడాలి? చూడాల్సిన ఆ డైరెక్టరేట్‌లోనే సాంకేతిక పోస్టులు సగానికి దగ్గరగా ఖాళీ అని ఆ వేసవి తర్వాత పార్లమెంటులోనే చెప్పారు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం కుర్రాడు. ఆయన మీద అభిమానం కొద్దీ ఆ ఖాళీలు నింపడానికి నా వంతు సలహా ఒకటి సమర్పిస్తున్నాను.

సలహా నాది గానీ, దానికి రుజువు సూరత్‌ది. 1994 సెప్టెంబరులో ఆ ఊళ్లో ప్లేగు వచ్చింది. వరదలకు తాపీ నది పొంగి తగ్గాక కుళ్లిన పశువులు, ఎత్తని చెత్త, నిలిచిన మురుగు. వీటన్నిటినీ క్షుణ్ణంగా పరిశీలించి నివేదిక ఇచ్చింది ఎలుకే. యాభైమందికి పైగా చనిపోయారు, లక్షలమంది రైళ్లూ బస్సులూ పట్టుకుని పారిపోయారు. కొన్ని దేశాలు మన విమానాలను రావద్దన్నాయి, రానిచ్చినవాళ్లు మందు కొట్టి మరీ రానిచ్చారు. అప్పటికి సూరత్‌కు చెప్పుకోదగ్గ విమానాశ్రయం కూడా లేదు. విమానం ఎక్కకుండానే దేశం మొత్తం విమానాలను తనిఖీ చేయించిన ఘనత ఆ ఎలుకది.

మరుసటేడు మేలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చినవాడు సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు వింటే చాలు, ఎక్కడివాడని అడగక్కర్లేదు. ఆయన అధికారులందరికీ ఒక కార్యక్రమం పెట్టాడు, పేరు 'ఏసీ టు డీసీ'. ఏసీ అంటే ఎయిర్‌కండిషన్ గది, డీసీ అంటే డైలీ చోర్స్. పొద్దున్నే గది వదిలి వీధిలో నిలబడి చెత్త ఎత్తించాలి, మధ్యాహ్నం తర్వాతే ఫైళ్లు. పెద్దవాళ్ల అక్రమ కట్టడాలూ పేదవాళ్లవీ ఒకే బుల్డోజరు కింద పడ్డాయి. రెండేళ్లు తిరక్కుండా చండీగఢ్ తర్వాత దేశంలో అంత శుభ్రమైన ఊరు సూరతేనని ఇంటాక్ సంస్థ చెప్పింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు కాడు గానీ, వైరింగ్ తనిఖీ గురించి ఇంతకన్నా సూటిగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అయితే ఎలుక ముందు వచ్చి రంగం సిద్ధం చేయకపోతే ఆయన్ని ఎవరు పనిచేయనిచ్చేవారు?

కాబట్టి నా మనవి: డైరెక్టరేట్‌లో మూషికాలను క్రమబద్ధంగా నియమించండి. జీతం జొన్న గింజల్లో. టీఏ డీఏ అవసరం లేదు, విమానం లోపలే నివాసం. మనిషి చేయి దూరని సందుల్లో దూరుతుంది. రాత్రి షిఫ్టుకు సణగదు. ఏ సంస్థ విమానమని అడగదు, పాతదా కొత్తదా అని చూడదు, దీపావళి మిఠాయి పెట్టెలతో ప్రసన్నం కాదు. పైగా అది కనబడిన మరుక్షణం విమానం ఆగుతుంది, ప్యానెళ్లు విప్పుతారు, టార్చిలైట్లు వెలుగుతాయి, ప్రతి కట్టా చూస్తారు. మామూలు రోజున ఇదంతా చేయించాలంటే ఎన్ని సర్క్యులర్లు కావాలో లెక్క వేసుకోండి.

దీనికి అడ్డం ఒకటే కనబడుతోంది. విమానాన్ని గాల్లోకి వదలాలంటే లైసెన్సున్న ఇంజినీరు కాగితం మీద సంతకం పెట్టాలని నిబంధన. ఎలుకకు సంతకం రాదు. పళ్ల గాటునే వేలిముద్ర కింద తీసుకోవచ్చేమో న్యాయశాఖను అడగాలి. అది గాటు పెట్టిందంటే అక్కడిదాకా వెళ్లినట్టే.