బెజ్జం తప్పిందా? ఈ ఆరు సలహాలూ వినకండి

ఇంట్లో ఆర్కేడ్ మిషన్ కట్టుకునేవాళ్లకి ఆటల దగ్గర పెద్ద చిక్కేమీ లేదు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మేమ్ ప్రోగ్రామ్‌ని విడుదల చేసినప్పటి నుంచీ పాత పార్లర్ ఆటలు మామూలు కంప్యూటర్లోనే ఆడుకోవచ్చు. చిక్కంతా చెక్క దగ్గరే. కంట్రోల్ ప్యానెల్‌కి బెజ్జాలు వేసేటప్పుడు డ్రిల్లు కాస్త పక్కకి జరిగిందంటే చాలు, చూసినవాళ్లంతా తలో సలహా ఇస్తారు. వాటిలో చాలావరకు తప్పు కంటికి కనపడకుండా చేసే మార్గాలే. ఆడేటప్పుడు మన కళ్లు తెరమీద ఉంటాయి, ప్యానెల్‌తో పని వేళ్లది. కాబట్టి మరమ్మతు బాగుందో లేదో తేల్చాల్సింది కూడా వేళ్లే. తరచుగా వినపడే ఆరు సలహాలను ఈ లెక్కన చూద్దాం.

1. "లప్పం పెట్టి పూడ్చెయ్యండి"

లప్పం గోడలకి పెట్టేది. గోడని ఎవరూ బాదరు, బటన్లని గంటలకొద్దీ బాదుతారు. ఆ అదురుకి లప్పం పగిలి పొడిపొడిగా రాలిపోతుంది. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి కూరే పద్ధతి స్క్రూ బెజ్జాల వరకు సరే. బటన్ పట్టేంత బెజ్జంలో కూరితే ఆరేకొద్దీ కుంగిపోతుంది.

చెక్క పోయినచోట చెక్కే పెట్టాలి. గుండ్రటి బెజ్జాలు కోసే రంపం, అంటే హోల్‌సాలోంచి ఊడిపడ్డ బిళ్లనే తిరిగి అతికిద్దామంటే కుదరదు. పళ్ల మందం మేర చెక్క పొట్టయిపోయింది కాబట్టి బిళ్ల వదులుగా ఉంటుంది, పైగా దాని నడుమ పైలట్ బిట్ చేసిన చిల్లు ఒకటి. అందుకని తప్పిన బెజ్జం చుట్టూ నలుచదరంగా గీసి, ఆ మేర కోసి, మూలలు ఉలితో శుభ్రం చేయండి. అదే మందం ప్లైవుడ్ ముక్కని కొంచెం పెద్దగా కోసుకుని, బిగుతుగా దిగేదాకా అంచులు రుద్దండి. గుండ్రటి ముక్కకన్నా చదరపు ముక్కని అమర్చడం చాలా తేలిక. నాలుగంచులకీ జిగురు రాసి, అడుగున పలచటి ప్లై పట్టీ అతికించి, క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేయండి. పైన సన్నటి గీత మిగిలితే, కార్ల టింకరింగ్ షాపుల్లో హార్డెనర్ కలిపి వాడే పుట్టీతో దాన్ని సరిచేసుకోవచ్చు. పుట్టీతో చేయదగ్గ పని అంతవరకే.

2. "బెజ్జాన్నే కాస్త సాగదీస్తే వరుసలోకి వస్తుంది"

జపాన్‌కి చెందిన సాన్వా బటన్లకి 30 మి.మీ. బెజ్జం కావాలి. బటన్ పైఅంచు బెజ్జం కన్నా చుట్టూ ఒకటిన్నర మి.మీ. మాత్రమే వెడల్పు. మూడు, నాలుగు మి.మీ. తప్పిన బెజ్జాన్ని ఆకురాయితో సాగదీస్తే అది కోడిగుడ్డు ఆకారంలోకి మారి, అంచు పక్కనుంచి సందు కనపడుతుంది. బటన్ కూడా ఒక పక్కకి ఒరిగి, నొక్కినప్పుడల్లా కదులుతుంది.

అమెరికన్ బటన్లకి సరిపోయే 28 మి.మీ. బెజ్జం వేసేసి, తర్వాత సాన్వా బటన్లు తెచ్చుకునేవాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లది కేంద్రం సరైనదే, కొలతే చిన్నది. కానీ హోల్‌సా పైలట్ బిట్ పట్టుకోవడానికి నడుమ చెక్క లేదు. అలాగే తిప్పితే రంపం జారి పైపొరని చీల్చేస్తుంది. ఒక ప్లై ముక్కలో 30 మి.మీ. బెజ్జం వేసి, దాన్ని పాత బెజ్జం మీద సరిగ్గా నడుమకి వచ్చేలా క్లాంపులతో బిగించండి. పైలట్ బిట్ తీసేసి, ఆ ముక్క దారి చూపుతుండగా నిదానంగా కోయండి. అడుగున ఇంకో చెక్క ఆనిస్తే కిందివైపు పెచ్చులు లేవవు.

3. "మిగతా బటన్లని దానికి తగ్గట్టు జరపండి"

అన్నిటికన్నా చెరుపు చేసేది ఈ సలహానే. 1991లో క్యాప్‌కామ్ తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 కి ఆరు బటన్లు. పైవరుస మూడూ పిడిగుద్దులకి, కిందివరుస మూడూ తన్నులకి. జపాన్ తరహా ప్యానెళ్లలో పక్కపక్క బటన్ల కేంద్రాల మధ్య దూరం సుమారు 36 మి.మీ. అందులో 30 బెజ్జానికే పోతే, రెండు బెజ్జాల మధ్య మిగిలే చెక్క ఆరు మి.మీ. మాత్రమే. తప్పుని తలా కొంచెం పంచితే ఒకచోట వేళ్లు ఇరుకున పడతాయి, మరోచోట అందుకోడానికి చాపాల్సి వస్తుంది. మొత్తం ఆరింటినీ దూరాలు చెడకుండా ఒకే మేర జరపగలిగితే, మణికట్టుకి చోటు మిగిలితే, అప్పుడు జరపండి. లేకపోతే తప్పిన ఒక్కదాన్నే పూడ్చి మళ్లీ కోయండి.

అసలు మీకు ఎన్ని బటన్లు కావాలో కూడా ఇక్కడే ఆలోచించండి. మన పార్లర్లలో అందరూ ముస్తఫా అని పిలిచిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ (1993) ఆటకి కొట్టడానికొకటి, ఎగరడానికొకటి, రెండే బటన్లు. అలాంటి ఆటల కోసమే కడుతుంటే అక్కర్లేని బెజ్జాన్ని మూసేయవచ్చు. అందుకు సాన్వా మూతలు కూడా అమ్ముతుంది. తప్పిన బెజ్జంలో కాయిన్ బటనో స్టార్ట్ బటనో మాత్రం పెట్టకండి. ఆట ఊపులో చెయ్యి దానిమీదే పడుతుంది.

4. "అడుగు ఎవరు చూస్తారు, ఫిల్లర్ నింపెయ్యండి"

జాయ్‌స్టిక్ కడ్డీ పొట్టిది. 18 మి.మీ. చెక్కకి బిగిస్తే పైకి చాలినంత రాదు. అందుకే అడుగునుంచి రౌటర్‌తో గుంట చెక్కి, అందులో బిగిస్తారు. రౌటర్ లోతు ఎక్కువై పైన కాగితంలా పలచబడితే, ఆ భాగానికి ఫిల్లర్ బలాన్నివ్వదు. ఆడేవాడు స్టిక్కుని ఊపే బరువంతా ఆ పలచటి చోటే పడి పగుళ్లిస్తుంది. గుంటకి నాలుగు పక్కలా దాటేటంత స్టీలు రేకు కోయించి, గట్టి చెక్క ఉన్నచోట బోల్టులతో బిగించి, జాయ్‌స్టిక్‌ని ఆ రేకుకే తగిలించండి. బొటనవేలితో పైనుంచి గట్టిగా నొక్కి చూడండి. చెక్క కుంగకపోతే మరమ్మతు నిలిచినట్టే.

5. "పైన అక్రిలిక్ వేస్తే అన్నీ కప్పుకుపోతాయి"

అక్రిలిక్ తప్పుని కప్పదు, ఉన్నదున్నట్టు అచ్చు దింపుతుంది. షీటుని ప్లైవుడ్ మీద బిగించి, ప్రతి బెజ్జం నడుమా చిన్న చిల్లు వేసి, బేరింగ్ ఉన్న రౌటర్ బిట్‌ని అందులోంచి దింపుతారు. ఆ బేరింగ్ కింద ఉన్న చెక్క అంచు వెంటే నడుస్తుంది. చెక్కలో గుంటుంటే షీటులోనూ గుంటే. పైగా కింద ఆసరా లేనిచోట షీటు వంగి, బెజ్జం అంచునుంచి చీలుతుంది. ముందు చెక్క, తర్వాతే అక్రిలిక్.

6. "పారేసి కొత్త చెక్క తెచ్చుకోండి"

చెక్క మారుతుంది గానీ గీత గీసిన పద్ధతి మారకపోతే కొత్తదానిలోనూ అదే తప్పు వస్తుంది. బెజ్జాల మధ్య చెక్క రెండు మూడు చోట్ల తెగిపోయి ఉంటే మాత్రం కొత్తది తెచ్చుకోవడమే మేలు. అప్పుడు కూడా ముందుగా దళసరి అట్టమీద కోసి, బటన్లు అమర్చి ఆడి చూడండి. తర్వాత ప్రతి కేంద్రంలో దబ్బనంతో గుంట పొడిచి, డ్రిల్లు మొన అక్కడే ఆనేలా చేయండి.

ఏ మరమ్మతు చేసినా రంగు వేయకముందే కళ్లు మూసుకుని, ఆడేటప్పటిలాగే చెయ్యి పెట్టి అన్ని బటన్లూ నొక్కండి. వేళ్లు ఎక్కడైనా వెతుక్కుంటే ఇంకా పని ఉంది. వెతుక్కోకపోతే అతుకు ఎంత వికారంగా ఉన్నా బెంగపడకండి, దాని సంగతి రంగు చూసుకుంటుంది.