జేబంకష: ఒక మెనూకార్డుకు టీకా తాత్పర్యం

మూలం: చేత్తో గెలికిన పొలెంటా, నిదానంగా మగ్గిన అడవి పుట్టగొడుగులు, ట్రఫుల్ పరిమళం, మూడు తరాల జ్ఞాపకం. 895.

అవతారిక. ఈ వాక్యం ఏ ఒక్క భోజనశాల సొత్తూ కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లు పెళ్లిరోజులకూ, పిల్లల ర్యాంకులకూ, కొత్త కారు కొన్నందుకూ హైవే పట్టుకుని వెళ్లే బెంగళూరు ఆధునిక ఇటాలియన్ రెస్టారెంట్ల కార్డులను పోల్చి, పాఠాంతరాలు పరిహరించి, లేఖక ప్రమాదాలు సవరించి నిర్ణయించిన శుద్ధపాఠం. మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాస్తూ, మూలంలో లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. మెనూ వ్యాఖ్యాతకు ఆ నియమం చెల్లదు. ఇక్కడ మూలంలో ఉన్నది పళ్లెంలో ఉండదు, పళ్లెంలో ఉన్నది మూలంలో దొరకదు. ప్రతిపదార్థం సులభం కనుక వదిలేస్తున్నాం. కావలసినవారికి నల్ల ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు ‘మా కాన్సెప్ట్ వివరించమంటారా సార్?’ అని అడిగి, వద్దనేలోపే మౌఖికంగా చెప్పేస్తాడు. ఆకలిగొన్నవాడికి అన్నానికి ముందు భాష్యం వినిపించడం ఏ శాస్త్రంలో విధించారో వెతకాలి.

పొలెంటా. ఇది ఉత్తర ఇటలీ పేదల ముద్ద. అమెరికా నుంచి మొక్కజొన్న రాకముందు చిరుధాన్యాల పిండినో బార్లీ పిండినో మరిగే నీళ్లలో పోసి, కట్టెతో గెలికి, గట్టిపడ్డాక తినేవారు. తర్వాత మొక్కజొన్న ఆ స్థానం ఆక్రమించింది. రాగి గిన్నె, కొయ్య తెడ్డు, చెయ్యి ఆపకుండా గెలకడం, చివర చెక్కమీద బోర్లించడం, ఇంతే దాని ప్రక్రియ. మడకశిర నుంచి ధర్మవరం దాకా ఏ ఇంట్లోనైనా దీనికంటే ప్రౌఢమైన పాఠం ఉంది. నూకలు మెత్తగా ఉడికిన ఎసట్లో రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, పిండిని చీల్చుకుని ఆవిరి పైకి తన్నేదాకా ఆగి, అప్పుడు దించి, గిన్నె కదలకుండా బిగించిపట్టి కట్టెతో గెలుకుతారు. ఉండ కట్టిందంటే గెలికినవాళ్ల పరువు పోయినట్టే. తడిచేత్తో ముద్ద చేసి, నడుమ గుంటలో నెయ్యి పోసి, పక్కన చెనక్కాయల ఊరిబిండి పెడతారు. దీన్ని సంగటి అంటారు. ముందు ఏ విశేషణమూ ఉండదు, ఉంటే ‘వేడి’ అని ఒకటి. సంగటి తినడం నామోషీ అని పెళ్లివారి ముందు దాచిపెట్టే ఇల్లే, వంద కిలోమీటర్లు పోయి దాని ఇటలీ దాయాదిని ఫోటో తీసి మరీ తింటుంది. వ్యాఖ్యాతకు కోపం వచ్చిన మొదటి చోటు ఇది.

ఇక జ్ఞాపకం సంగతి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో మొక్కజొన్న ముద్ద తప్ప వేరే తిండి అందని ఉత్తర ఇటలీ రైతులకు ఒళ్లు పగిలి, మతి చెడి, ప్రాణాలు పోయేవి. మిలాన్ వైద్యుడు ఫ్రాపొల్లి 1771లో పెల్లగ్రా అని రాసిన జబ్బు అదే. జొన్నకూడే ఆధారమైన మన దక్కను పేదల్లోనూ అది కనిపిస్తే, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ బృందం దాని కారణాల మీద పరిశోధన చేసింది. మరి కార్డు మీద ‘మూడు తరాల జ్ఞాపకం’ అన్నప్పుడు ఏ తరాన్ని తలుచుకోవాలి? ఆ తరం ఏం తిన్నదో అమ్ముతున్నారు, ఎందుకు తిన్నదో దాచేస్తున్నారు.

‘చేత్తో’ అనే పదం దగ్గర ధర్మవరం గుర్తుకు రాకుండా వ్యాఖ్య సాగదు. పిండిని చేత్తో గెలికితే బెంగళూరులో ధర పెరుగుతుంది. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజుల తరబడి పట్టుచీర నేస్తే, పక్కన పవర్‌లూమ్ చీర పెట్టి ‘ఇదీ అలాగే ఉంది కదా, తగ్గించు’ అంటారు. చీరతో సహా పదకొండు రకాల బట్టను చేనేతకే కేటాయించే చట్టం 1985 నుంచీ ఉంది. ధర్మవరం నేతగాళ్లు ఆ చట్టాన్ని అమలు చేయమని ధర్నాలు చేస్తూనే ఉన్నారు. చేతిపనికి చట్టం ఉన్నచోట విలువ లేదు, చట్టమే లేనిచోట ఎనిమిదివందల తొంభై అయిదు. దీన్ని విరోధాభాసం అందామంటే ఆ అలంకారంలో విరోధం పైకి మాత్రమే ఉండాలి. ఇక్కడ నిజంగానే ఉంది.

విశేషం. జ్ఞాపకమే కావాలంటే పెనుకొండకు ఇటలీతో అసలైన జ్ఞాపకం ఒకటుంది. చెజారె ఫెదెరిచి అనే వెనిస్ వర్తకుడు 1563లో ఇల్లు వదిలి, తూర్పుదేశాలన్నీ తిరిగి, 1581లో తిరిగిచేరి, 1587లో తన యాత్ర అచ్చువేయించాడు. 1567లో అతను విజయనగరంలో ఏడు నెలలున్నాడు. పని నెలరోజుల్లో తీరేదేగాని, దారుల్లో దొంగల భయం వల్ల కదల్లేకపోయాడు. అప్పటికి 1565 యుద్ధంలో రామరాయలు పోయి రెండేళ్లయింది. తమ్ముడు తిరుమలరాయలు ఆ యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్నాడని ఇతనే రాశాడు. పాడుబడ్డ నగరాన్ని నిలబెట్టలేక రాజు తన కొలువుతో ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలోని కోటకు తరలిపోయాడని చెబుతూ, ఆ కోట పేరు పెనుకొండ అని తన యాసలో రాసిపెట్టాడు. గుర్రాల కథ అంతకన్నా రసవత్తరం. సైన్యానికి గుర్రాలు లేక తిరుమలరాయలు గోవా వైపు వర్తకులకు కబురంపాడు. గుర్రాలు తెస్తే మంచి ధర ఇవ్వడమే కాదు, యుద్ధంలో పరుల చేజిక్కిన గుర్రాలను తెచ్చినా, వాటి మీద తన ముద్రే ఉన్నా, అడిగినంత ఇస్తానన్నాడు. వాళ్లు ఆశపడి తోలుకొచ్చారు. రాజు గుర్రాలు పుచ్చుకుని, ఇక మీరు దయచెయ్యండన్నాడు. ఒక్క కాసు రాలలేదు. వర్తకులు పిచ్చివాళ్లలా అయిపోయారని ఫెదెరిచి రాసిన తీరు చూస్తే, పక్కనే నిలబడి చూసినట్టుంటుంది. పెనుకొండ గగనమహలు చూడ్డానికి వచ్చేవాళ్లకు రాళ్లు చూపిస్తారేగాని ఈ కథ ఎవరూ చెప్పరు. రాజ్యం ఓడిపోయాక మిగిలిన మొదటి లక్షణం బిల్లు కట్టకపోవడమని చరిత్ర పుస్తకాల్లో రాయరు గదా.

ఎక్కడున్నాం? పుట్టగొడుగుల దగ్గర. ఇప్పుడు ఇటాలియన్ రెస్టారెంట్లు పెనుకొండ వాళ్ల దగ్గర వసూలు చేస్తున్నది ఆనాటి బాకీయేనని వాదించవచ్చు. వర్తకుల బాకీ వర్తకులకే చెందాలి, ఫెదెరిచి సాక్షి మాత్రమేనన్న ఆక్షేపణ సబబే. ఒక్క సాక్షి సంతకానికి ఇంత వడ్డీ పడిందని సమాధానం చెప్పుకుని ముందుకు పోదాం.

పూర్వపక్షం. విదేశీ వంట మీద ఈ వ్యాఖ్యాతకు ఓర్వలేనితనమని ఒకరంటారు. కాదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తీయడం మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల కొరియా భోజనశాలలూ వచ్చాయి. అవి ఇల్లు వదిలి వచ్చినవాళ్ల ఆకలి కోసం వచ్చాయి, ఎవరినీ సిగ్గుపరచడానికి కాదు. ఖర్చులు చూడవద్దా, అద్దె, దిగుమతి సుంకం, జున్ను ధర అని మరొకరంటారు. చూడాలి, ధర మీద మన పేచీ లేదు. ధరను విశేషణాల చాటున దాచడం మీద పేచీ. వడ్డించేది ఏమిటో అడిగితే తెలియనివాడివని తేలిపోతుందన్న భయంతో జనం నోరు మూసుకుని వేలు చూపించి తెప్పించుకోవడం మీద పేచీ.

బలమైన ఆక్షేపణ మూడోది. భోజనాన్ని వర్ణించడం మన కవుల సంప్రదాయమే గదా, ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు విష్ణుచిత్తుడి ఇంటి వంటను ఋతువు ఋతువుకూ వర్ణించలేదా, మెనూకారుడు చేస్తే తప్పా? వర్ణించాడు, నిజమే. కానీ ఎలా వర్ణించాడో చూడాలి. జడివానలో తడిసిన కట్టెలు పొగపెడతాయని టెంకాయ పొరియలు రాజేసి వండిన సంగతి చెప్పి, ఆ తర్వాత అన్నం, పప్పు, కూరలు, వడియాలు, పెరుగు చెప్పాడు. సామ్రాజ్యాన్ని ఏలేవాడికి పొయ్యిలో పొగ గురించి తెలుసు, వండేవాళ్ల కళ్లమంట తెలుసు. ఆ వంట తినేవాడు దారినపోయే అతిథి, అతను చదివి ఎంచుకోలేదు, తిని లేచాడు. మన కార్డులో పొయ్యి లేదు, పొగ లేదు, వండిన మనిషి లేడు. అడవి ఉందిగాని ఏ అడవో లేదు. ట్రఫుల్ పరిమళం ఉందిగాని, బజారులో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి ఆ వాసన ప్రయోగశాలలో చేసిన రసాయనం నుంచి వస్తుంది, ట్రఫుల్ దాని పక్కకు కూడా వెళ్లి ఉండదు. కవి చెప్పినదంతా వంటింటి సాక్ష్యం. కార్డు చెప్పినదానికి సాక్షి లేడు.

అలంకారం. చివరి అంకె ముందు రూపాయి గుర్తు లేదు. ఉపమానమో ఉపమావాచకమో లోపిస్తే లుప్తోపమ అన్నారు. ఇది లుప్తరూప్యం. చదివేటప్పుడు లోపించినది కట్టేటప్పుడు పూర్ణంగా ప్రత్యక్షమవుతుంది, వెంట అయిదు శాతం జీఎస్టీ, దానికి ముందు ‘సేవ’ పేరుతో ఇంకో పది. ఇక్కడ వ్యాకరణం అవసరం. తెలుగులో ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం. జీఎస్టీ మొదటి కోవది. సర్వీస్ ఛార్జి రెండో కోవదని, దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అదే మాట నిలబెట్టింది. అయినా కార్డు అడుగున, చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకోవలసిన అక్షరాల్లో, అది నిత్యమైనట్టే రాసి ఉంటుంది. వికల్పాన్ని నిత్యం చేసే అధికారం సూత్రకారుడికే లేదు, క్యాషియరుకు ఎక్కడిది? ‘ఇది తీసెయ్యి నాయనా’ అంటే చాలు. ఆ మాట బల్ల దగ్గర గొంతులో అడ్డుపడితే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.