అమూల్య సేవలు – వాని ధరల పట్టిక

సేవకు వెల కట్టరాదని మన పాలకులు సెలవిచ్చునపుడు వారి కంఠమున తొణికిసలాడు ఆర్ద్రతను ఆలకించినవారికి, ఆ సూక్తి ఉపనిషత్తులనుండి నేరుగా దిగివచ్చినదేమో యను భ్రాంతి కలుగక మానదు. మహిళా దినోత్సవమునాడు వేదికపై నలుగురు ఆశా కార్యకర్తలను నిలువబెట్టి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, “అమ్మా, మీరు చేయునది ఉద్యోగము కాదు, తపస్సు” అని పలికి, ఫోటో తీయించుకొని కారెక్కు పెద్దమనుష్యులను మనమందఱము చూచియే యున్నాము. 2022వ సంవత్సరము మే 22వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు పురస్కారము ప్రకటించినపుడు ఈ ఆర్ద్రత దేశమంతట కట్టలు తెంచుకొనెను. కిరాణా కొట్టువాడు బియ్యపు బాకీక్రింద దానిని జమ కట్టుకొనడన్న చిన్న లోపము తప్ప, ఆ పురస్కారమునందు వంక పెట్టుటకు ఏమియు లేదు.

అయితే, వెల కట్టరాని ఈ సేవకు అణాపైసలతో వెల కట్టిన పట్టిక యొకటి అదే సర్కారువారి బీరువాలో భద్రముగా నున్నది. పల్లెటూరి గర్భిణికి నెలలు నిండువఱకు పరీక్షలు చేయించినందుకు 300 రూపాయలు. నొప్పులు వచ్చిన అర్ధరాత్రివేళ ఆమెను ఆసుపత్రికి తోడ్కొనిపోయి పురుడు పోయించినందుకు మఱి 300. ఆ ఆసుపత్రి సర్కారుదైనను, సర్కారు గుర్తించినదైనను కావలయును గాని, గర్భిణి అత్తమామలు తమకు నచ్చిన నర్సింగ్ హోమునకు బండి మళ్లించిరేని తపస్సు భగ్నమైనట్లే. పట్టణమున ఈ పనులు రెండింటికిని కలిపి 400 మాత్రమే. పట్టణపు శిశువు లోకమునకు వచ్చుటలో శ్రమ మూడవవంతు తక్కువ యని ఏ మహావైద్యుడు తేల్చెనో తెలియదు. ఇక బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆ యింటికి వెళ్లి, ఒడలు వెచ్చగా నున్నదో చల్లబడినదో తాకి చూచి, బొడ్డు ఆరినదో చీము పట్టినదో పరికించి, గుడ్డ ఊయలలో బిడ్డను వేసి త్రాసునకు తగిలించి తూచి, పాలిచ్చు విధము బాలింతకు నేర్పి వచ్చినచో, ఆ ఆరు పర్యాయములకును కలిపి 250 రూపాయలు. విడివిడిగా భాగించినచో ఒక్కొక్క గడప యెక్కి దిగినందుకు 41 రూపాయలును కొంత చిల్లరయు వచ్చును. ఆటో ఎక్కినచో ఆ రూపాయలు ఆటోవానివి. చిల్లర మాత్రము తపస్వినిది.

పట్టిక యున్నంతమాత్రమున సేవ అమూల్యము గాకపోదని వాదించువారు కలరు. అట్టివారిని నేను భద్రాచలమునకు ఆహ్వానించుచున్నాను. 2014లో రాష్ట్రము రెండైనపుడు, పోలవరపు ముంపు పేర ఖమ్మము జిల్లా మండలములు కొన్ని ఆంధ్రప్రదేశములో చేరగా, భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. దాని నానుకొనియున్న ఎటపాక ఆంధ్రలోనికి పోయెను. రాములవారి గుడి యొక ప్రభుత్వము క్రిందను, ఆయన మాన్యములు వేఱొక ప్రభుత్వము క్రిందను పడిన చోటది. 2023 చివర ఆంధ్రలో అంగన్‌వాడీల సమ్మె మొదలగునాటికి ఎటపాకలో అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 11,500; భద్రాచలములో 13,650. ఎటపాక ఆయాకు 7,000. భద్రాచలపు ఆయాకు 7,800. ఇది యంతయు విని తెలంగాణమున ఔదార్య మెక్కువ యని తీర్మానించుటకు తొందరపడవలదు. ఎందుకనగా ఆశా కార్యకర్తకు ఎటపాకలో 10,000, భద్రాచలములో 9,750. అనగా గర్భిణిని కనిపెట్టుకొని యుండుటకు ఆంధ్ర ప్రభుత్వము 250 రూపాయలు ఎక్కువ యిచ్చును. పుట్టిన బిడ్డను కనిపెట్టుకొని యుండుటకు తెలంగాణ ప్రభుత్వము 2,150 ఎక్కువ యిచ్చును. కావున తన సేవకురాండ్రపట్ల దయగల ఇల్లాలు నెలలు మోయునంతకాలము ఎటపాకలో నుండి, కాన్పు కాగానే పొత్తిళ్లలోని బిడ్డతో భద్రాచలమునకు కాపురము మార్చుట ధర్మము. ఇరువైపుల గ్రుడ్డు ఒకటియే, పప్పు ఒకటియే, పిల్లల ఆకలియు ఒకటియే యని అడ్డుచెప్పువారు అర్థశాస్త్రము నెఱుగనివారు.

ప్రాంతభేదము ఇట్లుండగా, పనియందలి విశేషమునుబట్టి కలుగు భేదము మఱింత రసవత్తరమైనది. 1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీజీ జయంతి దినమున, ఈ అంగన్‌వాడీలకు మూలమైన శిశు అభివృద్ధి పథకము మొదలైనపుడు మెట్రిక్యులేషను తప్పిన కార్యకర్తకు నెలకు 100, ప్యాసైనవారికి 150 నిర్ణయించిరి. అప్పటికి చదువునకైనను ఒక విలువ యుండెను. ఆ తరువాతి మేధావులు మినీ అంగన్‌వాడీ యనుదానిని సృష్టించిరి. జనము పలుచగా నుండు గిరిజన గూడెములకును, దూరపు ఆవాసములకును ఏర్పఱచిన ఈ కేంద్రములలో ఆయా యుండదు. పొద్దున్నే పొయ్యి రాజవేయునది ఆమె. నీళ్లు మోయునది ఆమె. అన్నము వార్చి, పప్పు మెదిపి, గ్రుడ్లు ఉడికించి పెంకు ఒలుచునది ఆమె. చేతులు కడిగించి, ముక్కులు తుడిచి, అక్షరములు దిద్దించి, పాట పాడించి, గొడవపడిన యిద్దఱిని విడదీసి నిద్రపుచ్చునది ఆమె. పిల్లలు లేవకమునుపే ఫోను పట్టుకొని సిగ్నలు దొరకు మిట్ట యెక్కి, పోషణ్ ట్రాకరులో ఎవని బరువెంతయో ఎవని యెత్తెంతయో ఎక్కించి, తిరుగుచున్న చక్రమును చూచుచు నిలుచునదియు ఆమెయే. మామూలు కేంద్రమున కార్యకర్తయు ఆయాయు పంచుకొను పని యంతయు ఒక్కతెయే చేయుచున్నది గనుక, కేంద్రప్రభుత్వపు లెక్కలో మామూలు కార్యకర్తకు 4,500 కాగా ఈమెకు 3,500 నిర్ణయింపబడెను. ఇంజనీరునకును తాపీమేస్త్రికిని బదులుగా ఒక్కడే వచ్చి మేడ కట్టి యిచ్చినచో, ఇంజనీరు కూలిలో కోత పెట్టి పంపు యజమాని యున్నాడా యని అడుగకుడు. వాడు కేవలము యజమాని, ఇచ్చట నున్నది ప్రభుత్వము.

బడిలో మధ్యాహ్న భోజనము వండు అమ్మల సంగతి క్లుప్తముగా ముగించెదను, వారి లెక్కయే క్లుప్తమైనది కాబట్టి. 2009లో కేంద్రము నెలకు 1,000 అని నిర్ణయించి, పదునైదేండ్లు గడచినను ఆ అంకెను కదలింపలేదు. అదియు ఏడాదికి పది నెలలే. వేసవిలో బడి యుండదు, కావున ఆ రెండు నెలలు వంటమనిషికి ఆకలియు ఉండరాదు. ఆంధ్రప్రదేశము 2019లో దానిని 3,000 చేసినది. చేయని రాష్ట్రములలో వంటమనిషి ఆ వేయితోనే సేవాభాగ్యము ననుభవించుచున్నది.

ఢిల్లీవారి నడిగినచో, అంగన్‌వాడీ కార్యకర్తకు 3,000 నుండి 4,500 చేసితిమి గదా యందురు. చేసిరి, 2018 అక్టోబరులో చేసిరి. ఆ 4,500లో నూటికి 60 వంతులు మాత్రమే తమవనియు, తక్కిన 40 రాష్ట్రములవనియు మాత్రము మెల్లగా చెప్పుదురు. దినమునకు 150 రూపాయలైన ఆ మొత్తములో ఢిల్లీ వాటా 90. 2023–24లో మన రెండు రాష్ట్రములలోను ఉపాధి హామీ పనికి పోయి చెరువులో మట్టి తవ్వినవారికి ఇదే కేంద్రము నిర్ణయించిన దినకూలి 272. తవ్విన మట్టిని టేపుతో కొలువవచ్చును. పెంచిన పిల్లను కొలుచుటకు టేపు లేదన్నచో అదియు అబద్ధమే, ఎత్తు కొలుచు బల్లను అంగన్‌వాడీకి ఇచ్చినవారు వారే. ఆ 4,500 పైన ఎంత కలుపవలయు ననునది రాష్ట్రముల దయాధర్మములకు విడువబడినది. దయాధర్మములు ఎన్నికల సామీప్యము ననుసరించి పెరుగుననుట అందఱు నెఱిగినదే. ఆరోగ్య సూచికలలో దేశమునకే తలమానికమని చెప్పుకొను కేరళములో సైతము, నెలకు 7,000 చాలవు, 21,000 కావలెనని 2025 ఫిబ్రవరి 10న ఆశాలు తిరువనంతపురము సచివాలయము ముందు బైఠాయించిరి. ఢిల్లీ యియ్యవలెనని తిరువనంతపురమును, తిరువనంతపురమే యియ్యవలెనని ఢిల్లీయు, ఒకరి నొకరు వ్రేలెత్తి చూపుకొనిరి. సేవ అమూల్యమను విషయమున మాత్రము ఉభయులకును ఏకాభిప్రాయమే. తాము చేయునదియు ప్రజాసేవయే యని చెప్పుకొను తెలంగాణ శాసనసభ్యులు 2016 మార్చిలో తమ నెలసరిని రెండున్నర లక్షలకు పెంచుకొనునపుడు ఈ సిద్ధాంతము ఎవరికిని గుర్తు రాకపోవుట, పాపము, మతిమఱుపువలననే కావలయును.

ఇంతకును ఈ స్త్రీలెవ్వరు? ఉద్యోగులా, కారా? అమీర్‌బీ కేసులో 2006లో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ సివిలు పదవులలో నున్నవారు కారని తీర్పు చెప్పెను. అది మొదలు ఏ వినతిపత్రము పట్టుకొని పోయినను అధికారులకు ఆ తీర్పు కంఠస్థము. అదే న్యాయస్థానము 2022 ఏప్రిలులో గుజరాతునుండి వచ్చిన కేసులో, వీరు గ్రాట్యుటీకి అర్హులే యని చెప్పినపుడు మాత్రము ఆ కాగితము చదువుటకు కండ్లజోడు దొరకలేదు. 45వ భారత కార్మిక మహాసభ 2013లోనే వీరిని కార్మికులుగా గుర్తింపుడని సిఫారసు చేసి యుండెను. దానికి పట్టిన దుమ్ము దులుపువారే లేరు. ఆంధ్రప్రదేశములో మఱియొక చమత్కారము. పల్లెలో నెలకు 10,000 దాటి రాబడి యున్న కుటుంబమునకు బియ్యపు కార్డు లేదన్నారు. వీరికి వచ్చునది 11,500. జీతము పెంచుమన్నచో మీరు ఉద్యోగులు కారు. కార్డు అడిగినచో మీకు రాబడి యున్నది. ఈ రెండు తలుపుల నడుమ నిలిచిన ఆడువారు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగిరి.

42 దినములు సాగిన ఆ సమ్మెలో, 2024 జనవరి 6న రాష్ట్ర ప్రభుత్వము రెండవ నంబరు ఉత్తర్వు వెలువరించి, అంగన్‌వాడీ పని అత్యవసర సేవయనియు, ఆరు నెలలు సమ్మె నిషిద్ధమనియు, ఎస్మా చట్టము వర్తించుననియు ప్రకటించెను. ఉద్యోగమే కాని పనిని మానుట నేరమైన ఆ దినమున న్యాయశాస్త్రము ఒక మెట్టు పైకెక్కెను. తాను ఇష్టపూర్వకముగా చేయు తపస్సును మానుటకు మునికి స్వాతంత్ర్యము లేదని పురాణములలో నెచ్చటను కానరాదు. మేనకను పంపిరే గాని ఇంద్రులవారు ఎస్మా ప్రయోగింపలేదు.

ఉత్తర్వునకు ముందే, తాళము వేసిన కేంద్రముల తాళములు పగులగొట్టించి, గ్రామ సచివాలయ ఉద్యోగులచేత వానిని నడిపింప జూచిరి. వేతనశ్రేణి, సెలవులు, సర్వీసు రిజిస్టరు గలవారు వచ్చి అంగన్‌వాడీ గడప దాటి గరిటె చేత బట్టిరి. గరిటె అదియే, గిన్నె అదియే, చుట్టు మూగిన పిల్లలును వారే. అయినను తపస్సు చేసితిరని వారిలో నెవ్వరికిని ఎవ్వరును శాలువా కప్పలేదు. ఆ గంటలు డ్యూటీ క్రింద వ్రాసికొని, నెల మొదట జీతము తీసికొనిరి.