టికెట్టు సున్నా... గది గుండుసున్నా!

ఎచ్చెర్ల మండలం చిలకపాలెం జంక్షన్‌లో విశాఖ వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కిన అమ్మాయి ఆధార్ చూపిస్తే చాలు, కండక్టర్ సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెడతాడు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం చలవ! అదే ఏడాది ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల రాత్రి డ్యూటీకీ సర్కారు తలుపు తీసింది. ఆమె వైపు నుంచి ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే చాలు.

ఇక మహానగరంలో దిగి అద్దెకు గది అడగమనండి.

"ఫ్యామిలీలకే ఇస్తామమ్మా. పెళ్లయిందా? మీ ఆయనేడీ? పోనీ, నాన్నగారినైనా తీసుకొచ్చావా?"

అర్ధరాత్రి మిషన్ నడపడానికి ఆమె సంతకం చాలు. పగలు చాపేసుకుని పడుకోవడానికి మాత్రం మగ సంతకం కావాలి! పోనీ హాస్టల్లో చేరదామా అంటే, రాత్రి తొమ్మిదిన్నరకే గేటుకు తాళం. డ్యూటీ దిగేది తెల్లారి ఆరింటికి. ఈ మధ్యలో రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం గేటు బయట దోమలు తోలుకుంటూ కూర్చోవాలి కాబోలు.

స్మార్ట్ సిటీ కంటే మా పల్లెవెలుగు బస్సే నయం. చెయ్యెత్తిన చోట ఆగుతుంది. వెంట మగాడేడని అడగదు!