పినాకినీ నౌకాయాన సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పెక్కు రాజ్యముల మీదుగా పారు నదియందు, నావ నడుచు చోటు మొదలుకొని సముద్రము దాకా, వర్తకార్థమైన రాకపోకలు ఎల్లవారికిని స్వేచ్ఛగా సాగవలెను.

అవతారిక: 1815 జూన్ 9న వియన్నాలో ఐరోపా రాజ్యాలు కుదుర్చుకున్న తుది ఒడంబడికలో 108 నుంచి 117 దాకా ఉన్న అధికరణల సారాన్ని ఒక్క వాక్యానికి కుదిస్తే పై సూత్రమవుతుంది. దీన్నే 1921 ఏప్రిల్ 20న బార్సిలోనాలో, నానాజాతి సమితి పూనికతో, మిగతా లోకానికీ పనికొచ్చేలా తిరగరాశారు. సూత్రకారుల కళ్ళ ముందున్నది రైన్ నది. ఈ టీకకు ఉదాహరణ ఉత్తర పినాకిని, అంటే పెన్న, అందులోనూ తొండేభావి అనే ఊరున్న గౌరీబిదనూరు తాలూకా భాగం. కావ్యనాయకుడు ధీరోదాత్తుడై తీరాలంటారు లాక్షణికులు. ఉదాహరణకు ఆ నిర్బంధం లేదు.

పెక్కు రాజ్యముల మీదుగా: ఈ లక్షణం పినాకినికి కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండలో పుట్టి, చిక్కబళ్ళాపురం, గౌరీబిదనూరు దాటి, హిందూపురం వైపు ఆంధ్రలోకి దిగుతుంది. అక్కడితో ఆగక పావగడ తాలూకాలో మళ్ళీ కర్ణాటకలో తొంగిచూసి, తిరిగి అనంతపురం సీమకు వస్తుంది. మొత్తం నిడివి 597 కిలోమీటర్లు. ఇవి ఒకే దేశంలోని రాష్ట్రాలు కదా, రాజ్యాలెలా అవుతాయని శంక. ఆ లెక్కన సూత్రం ఇక్కడికి రాదు, నిజమే. మైసూరు సంస్థానం, మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్న కాలంలోనూ రెంటి మీదా ఒకే ఇంగ్లీషు ప్రభుత్వం ఉండేది. అయినా టీక మొదటి పదం దగ్గరే ముగిసిపోకూడదు గనుక ముందుకు సాగాలి.

నావ నడుచు చోటు మొదలుకొని: సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. బార్సిలోనా నిబంధన ప్రకారం నది సహజంగానే సముద్రం నుంచి రావడానికీ సముద్రానికి పోవడానికీ వీలుగా ఉండాలి. దానిమీద మామూలు వర్తక నౌకలు ఇప్పుడు నడుస్తుండాలి, లేదా నడిచే సహజ వసతి ఉండాలి. పూర్వపక్షి అంటాడు: మంచి వాన పడ్డనాడు పినాకినిలో పుట్టి వేయవచ్చు కదా, ఆ ఒక్కరోజుకైనా సూత్రం వర్తించదా? వర్తించదు. 2021 నవంబరులో ఇదే పెన్న నెల్లూరు సీమలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టను కోసుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడే వరదను మామూలు వర్తకానికి అనువైన వసతి అనరాదు. మిగతా కాలమంతా ఏటిలో ఉండేవి సీమజాలి కంపలు, ఇసుక తోడిన గుంతలు, అడ్డంగా పడిన మోటారుసైకిలు చాళ్ళు, ఆ గుంతల అడుగున కాస్త పచ్చటి నీరు. ఇసుక ట్రాక్టరును నావగా గ్రహించరాదా అని మరొకడు. అందులో సరుకు ఉంది, వర్తకం ఉంది, ఏటి నడుమ రాకపోకలూ ఉన్నాయి. అయితే నావ సరుకును నది మీద తీసుకుపోతుంది, ట్రాక్టరు నదినే సరుకుగా తీసుకుపోతుంది. కనుక అతివ్యాప్తి దోషం.

వర్తకార్థమైన: ఇది తృతీయా తత్పురుషమా, చతుర్థీ తత్పురుషమా? ఎగతాళి ప్రశ్న కాదు, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళిన ప్రశ్న. సాన్ హువాన్ నది నికరాగువాది, దాని ఒక ఒడ్డు కొంత దూరం కోస్టారికాది. 1858 నాటి ఒప్పందం కోస్టారికాకు ఆ నదిలో వాణిజ్యపు రాకపోకల హక్కు ఇచ్చింది. అందులోని స్పానిష్ పదబంధానికి ‘సరుకులతో’ అని నికరాగువా, ‘వాణిజ్యం కొరకు’ అని కోస్టారికా అర్థం చెప్పాయి. తృతీయ అయితే మూటలకే హక్కు, చతుర్థి అయితే టికెట్టు కొన్న యాత్రికుడికీ హక్కు. 2009 జులై 13న న్యాయస్థానం చతుర్థి వైపు మొగ్గింది. పోలీసు పడవలకు మాత్రం ఆ హక్కు లేదంది. ఒడ్డున ఉండే వాళ్ళు పొట్టకూటికి చేపలు పట్టుకోవడం ఆచారసిద్ధమైన హక్కేనని కూడా ఒప్పుకుంది.

సముద్రము దాకా: ఈ ‘దాకా’ మీద రైన్ ఒడ్డున పెద్ద వ్యాకరణ వివాదమే నడిచింది. దాకా అంటే అంచు వరకే, లోపలికి కాదని డచ్చివారు పట్టుబట్టి, నదీముఖంలో సుంకాలు వదులుకోలేదు. పైనున్న రాజ్యాలకు సముద్రం కనిపిస్తుంది, అందదు. 1831లో మైంజ్ ఒడంబడికతో గానీ తగవు తీరలేదు. ఒక్క ప్రత్యయానికి పదహారేళ్ళు. మన వ్యాఖ్యాతలు ఇంతకన్నా చిన్నవాటికి ఎక్కువ కాలమే తీసుకున్నారు గనుక ఆశ్చర్యపడనక్కరలేదు. పినాకిని సముద్రపు కొస మాత్రం చట్టానికెక్కింది. 2016 జాతీయ జలమార్గాల చట్టంలో పెన్న 79వ జలమార్గం, నెల్లూరు వైపు చివరి 29 కిలోమీటర్ల మేర. తొండేభావి సరుకుకు దారి ఇప్పటికీ రైలూ, లారీ.

ఎల్లవారికిని స్వేచ్ఛగా: స్వేచ్ఛ అంటే కట్టుబాటు లేకపోవడం కాదు. పోలీసు నియమాలు ఉంటాయి, దారి బాగుచేసిన ఖర్చుకు రుసుమూ ఉంటుంది. ఒకరికి ఒక రేటు, మరొకరికి మరొక రేటు ఉండకూడదు, అంతే. ఓడర్ నది వ్యాజ్యంలో 1929లో నాటి అంతర్జాతీయ న్యాయస్థానం నది పొడవునా ఒడ్డు రాజ్యాలన్నీ సమానమేనని చెప్పింది. భారతదేశం బార్సిలోనా ఒడంబడికలో ఉండి, 1956లో తప్పుకుంటున్నట్టు తెలియజేసింది.

తాత్పర్యం: సూత్రం నావ నడిచే చోట మొదలవుతుంది గనుక తొండేభావిలో అది మొదలు కాదు.

విశేషం: అయితే ఈ ఏటికి ఒడంబడికే లేదనుకోరాదు. 1892 ఫిబ్రవరి 18న మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలోని పదిహేను నదులలో ఉత్తర పినాకిని ఒకటి, చిత్రావతి, పాపఘ్ని కూడా ఉన్నాయి. అందులో నావ ఊసు లేదు, ఉన్నదల్లా కట్ట. ఆ నదులకు అడ్డంగా మైసూరు కొత్త చెరువు గానీ కొత్త ఆనకట్ట గానీ కట్టాలంటే ముందుగా మద్రాసు సమ్మతి కావాలి. కింది ఆయకట్టుకు అప్పటికే స్థిరపడిన హక్కును కాపాడటానికి తప్ప మద్రాసు కాదనకూడదు. తగవు వస్తే మధ్యవర్తులు, లేదా భారత ప్రభుత్వం. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కట్టడం గురించి ఈ శతాబ్దం మొదట్లో రేగిన వివాదంలోనూ ఈ పాత కాగితమే బయటికి వచ్చింది.

టీకాకారుడికి పండగలాంటి నిర్వచనం అందులో ఒకటుంది. ఇంతకుముందు లేని చెరువు కొత్తది, సరే. ఒకప్పుడు ఉండి, వదిలేయగా ముప్ఫైయేళ్ళకు మించి వాడుకలో లేని చెరువూ కొత్తదే. అంటే ఇరవై తొమ్మిదేళ్ళు పాడుబడ్డ చెరువు పాతది, ముప్ఫై ఒకటి పాడుబడ్డది కొత్తది. మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు, రెండోదానికి మద్రాసును అడగాలి. ముప్ఫైయేళ్ళను తూము పూడిన నాటి నుంచి లెక్కించాలా, కట్ట తెగిన నాటి నుంచి లెక్కించాలా, కింద చివరి మడి ఎండిన నాటి నుంచి లెక్కించాలా అన్నది వేరొక టీకకు విషయం.